పెట్టుడు కాలికి పూచీ ఎవరిది?

బయ్యారం అనగానే తెలంగాణలో ఎవరికైనా గుర్తొచ్చేది ఇనుప రాయి. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలు చూడాలని 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో రాశారు. 2016 అక్టోబరులో బయ్యారం మండలం మహబూబాబాద్ జిల్లాలోకి మారింది. కర్మాగారం మాత్రం ఎన్నికల సభలు దాటి రాలేదు. ఇనుము గురించి ఇంత మాట్లాడుకునే చోట, ఆ ఇనుముతోనే చేసిన క్యాలిపరు కాలికి బిగించుకుని కిరాణా కొట్టుదాకా నడిచే మనిషి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ క్యాలిపరు కొలతలు ఎవరు తీశారు, తోలు పట్టీ ఒరుసుకుని పుండు పడితే ఎవరికి చెప్పాలి, తప్పుగా చేసినవాడిని అడిగే హక్కు ఎవరికుంది అన్నవి ఇంకా తక్కువమంది వేసే ప్రశ్నలు.

ఢిల్లీలో చట్టాలున్నాయి. హైదరాబాదులో క్షిపణుల ప్రయోగశాలే తేలికైన కాలు తయారుచేసి చూపించింది. జైపూర్ కాలు పేరు వినని పల్లె లేదు. ఇవన్నీ ఉన్నా, మహబూబాబాద్ లాంటి జిల్లాలో కృత్రిమ కాలు ఇప్పటికీ పంచిపెట్టే వస్తువే తప్ప, ఒకరు పూచీ పడి అందించే వైద్యసేవ కాలేదు. లోపం డబ్బు దగ్గర కొంత ఉంది. అంతకన్నా ఎక్కువ ఉన్నది ఈ వృత్తిని అదుపులో పెట్టే పద్ధతిలో, ఈ సేవ కోసం పోరాడాల్సినవాళ్లు ఎంచుకున్న డిమాండ్లలో.

ముందుగా కాళ్లు పోయేదెలాగో చూద్దాం. ఒక తరం క్రితం దాకా ఈ ప్రాంతంలో క్యాలిపర్లు పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది పోలియో బాధితులు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అప్పటి పిల్లలు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు, వాళ్ల క్యాలిపర్లు మాత్రం మారుస్తూనే ఉండాలి. కొత్తగా వస్తున్నవాళ్లు వేరు. షుగరు పుండు ముదిరి కాలు తీసేయించుకున్నవాళ్లు, బైకు ప్రమాదాల్లో దెబ్బతిన్న యువకులు, డోర్నకల్, గార్ల స్టేషన్ల దగ్గర పట్టాలు దాటుతూ ప్రమాదానికి గురైనవాళ్లు, మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి చేయి పోగొట్టుకున్న రైతులు. తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగిన గీత కార్మికులు మరో వరుస. వాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్ష కవచం పేరుతో చెట్టెక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా చూడటానికి కిట్టు వచ్చింది, బాగానే ఉంది. ఇప్పటికే పడినవాడి వెన్నుకు సరిపోయే బ్రేసు ఎవరు కొలిచి చేస్తారన్నది ఆ పథకం పరిధిలో లేదు.

ఎంతమందికి ఈ సేవ కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసే మోటు లెక్క ప్రకారం జనాభాలో అర శాతం మందికి కృత్రిమ అవయవమో, ఆధార పరికరమో కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా పరిధిలో ఉన్నది 7.74 లక్షల మంది. అంటే సుమారు నాలుగు వేల మంది. పది లక్షల మందికి 5 నుంచి 10 మంది నిపుణులు ఉండాలని అదే సంస్థ 2017లో, అంతర్జాతీయ ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ సంఘంతో కలిసి వెలువరించిన ప్రమాణాల్లో చెప్పింది. ఆ లెక్కన జిల్లాకు నలుగురు నుంచి ఎనిమిది మంది కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరయ్యే సిబ్బంది జాబితాలో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ ఉంటారు. ఈ వృత్తివాడికి అక్కడ కుర్చీ లేదు.

కాలు చేయడంలో అంత విద్య ఏముంది అనిపించవచ్చు. మోకాలి కింద తీసేసిన కాలునే తీసుకుందాం. మిగిలిన మొండికి ముందు పీఓపీ కట్టుతో అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి మొండి బొమ్మ తయారుచేస్తారు. అసలు పనితనం ఇక్కడే. మోకాలి చిప్ప కింది స్నాయువు లాంటి బరువు మోయగల చోట బొమ్మను కాస్త చెక్కాలి. ఎముక పొడుచుకొచ్చిన చోట ప్లాస్టరు కొంచెం పెంచాలి. ఆ బొమ్మ మీదే మొండిని ఇమిడ్చుకునే తొడుగు, అంటే సాకెట్, పోత పోస్తారు. జైపూర్ పద్ధతిలో అయితే రైతులు పొలంలో వాడే హెచ్‌డీపీఈ పైపునే వేడిచేసి లాగుతారు. ఆ తరువాత పాదం కోణం సరిచూడాలి, నడక నేర్పాలి. తొలి ఆరునెలల్లో మొండి చిక్కిపోతుంది, సాకెట్ వదులవుతుంది. షుగరు ఉన్నవాళ్లకు స్పర్శ సరిగా తెలియదు కాబట్టి లోపల పుండు పడినా నొప్పి పుట్టదు. తెలిసేసరికి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన స్థితి. ఇదంతా ఒక్కరోజు శిబిరంలో తేలే వ్యవహారం కాదు. ట్రాక్టరు కొన్నవాడికి కూడా కంపెనీ సర్వీసు పుస్తకం ఇస్తుంది, ఎన్ని గంటలు నడిచాక ఆయిలు మార్చాలో రాసి మరీ. కాలు తొడిగించుకుని శిబిరం నుంచి ఇంటికి పోయేవాడి చేతిలో చాలాసార్లు ఫొటో తప్ప ఏమీ ఉండదు.

ఇక చట్టం. ఈ వృత్తికి ఆధారం 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం, వాడుకలో ఆర్‌సీఐ చట్టం. 1986లో సొసైటీగా మొదలైన మండలి 1993 జూన్‌లో చట్టబద్ధ సంస్థ అయింది, 2000లో చట్టాన్ని సవరించారు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఈ మండలి పరిధిలోని 16 రకాల వృత్తుల్లో ప్రోస్థెటిస్టులు, ఆర్థోటిస్టులది ఒకటి. మొదటివాళ్లు పోయిన అవయవానికి బదులు కొత్తది అమర్చేవాళ్లు. రెండోవాళ్లు ఉన్న అవయవానికి క్యాలిపరు, బ్రేసు, స్ప్లింటు లాంటి ఆసరా కల్పించేవాళ్లు. చదువు మాత్రం ఒకటే. పన్నెండో తరగతి తరువాత నాలుగేళ్ల డిగ్రీ, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కావాలంటే ఆపైన పీజీ.

కాగితం మీద చట్టం గట్టిగానే ఉంది. కేంద్ర రిజిస్టరులో పేరు లేనివాళ్లు ఈ వృత్తి చేయకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. మీరితే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు 1992లోనూ పెద్ద మొత్తం కాదు. ఇప్పుడైతే ఒక మామూలు నడుం బెల్టు ధర అంతుంటుంది. రిజిస్టరులో ఉన్నవాళ్లు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, ఆలోగా శిక్షణ తరగతులకు హాజరై వంద పాయింట్లు చూపించాలి. ఇది మంచి నియమమే. చాలా వృత్తుల్లో అదీ లేదు.

చిక్కు మరో సెక్షన్‌లో ఉంది. ఈ చట్టం కింద నేరాన్ని విచారణకు తీసుకోవాలంటే, మండలి అధికారమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అంటే తప్పుడు సాకెట్ వల్ల మొండి పాడైన బయ్యారం మనిషి నేరుగా మహబూబాబాద్ కోర్టు మెట్లెక్కలేడు. ఢిల్లీలోని మండలి కదిలితేనే కేసు. డాక్టర్లకు రాష్ట్ర వైద్య మండలి ఉంది, నర్సులకు ఉంది, ఫార్మసిస్టులకు ఉంది. ఆర్‌సీఐకి రాష్ట్ర మండళ్లు లేవు. హైదరాబాదు దాకా పోవడానికే కృష్ణా ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు చూసుకోవాల్సిన మనిషికి ఢిల్లీ ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

మరో లోపం, ఏ పని ఎవరిది అన్న గీత ఈ చట్టం గీయలేదు. రిజిస్టరైనవాళ్లే వృత్తి చేయాలంది కానీ, వృత్తి అంటే ఏయే పనులో విడమరచలేదు. ఆ ఖాళీలోంచే నడుం బెల్టులు, మోకాలి బ్రేసులు, మెడ కాలర్లు సైజు చూసి ఇచ్చే వస్తువులుగా మందుల షాపులోకి వచ్చాయి. చిన్న బెణుకుకు కాలర్ అమ్మితే కొంప మునగదు. కానీ వెన్నుపూస విరిగినవాడికీ, పుట్టుకతో పాదం వంకర ఉన్న బిడ్డకీ అదే పద్ధతిలో వస్తువు చేతిలో పెడితే నష్టం ఏళ్ల తరబడి ఉంటుంది. వంకర పాదం పిల్లలకు ఇప్పుడు కోత లేకుండా వారం వారం కట్లు మారుస్తూ సరిచేసే పోన్సెటి పద్ధతి వాడుతున్నారు. కట్లు విప్పాక కొన్నేళ్లపాటు పడుకునేటప్పుడు బ్రేసు వేయాలి. ఆ బ్రేసు సరిగా సరిపోకపోతే పాదం మళ్లీ వంకరపోతుంది, అంతకుముందు చేసిన వైద్యమంతా వృథా.

2021లో పార్లమెంటు మరో చట్టం తెచ్చింది. జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ల్యాబ్, రేడియాలజీ నిపుణులు దాని కిందికి వెళ్లారు. అందులో రాష్ట్ర మండళ్లకు చోటుంది, ఒక్కో వృత్తి పరిధి రాయడానికి ఏర్పాటుంది. కృత్రిమ అవయవాల నిపుణులు మాత్రం పాత ఆర్‌సీఐ చట్టం దగ్గరే ఉండిపోయారు. ఫలితం చిత్రంగా ఉంది. కాలు తీసేసిన సర్జన్ ఆరోగ్య శాఖ మనిషి. నడక నేర్పే ఫిజియోథెరపిస్టు ఆరోగ్య శాఖ చట్టం కింద. మధ్యలో కాలు చేసేవాడు సామాజిక న్యాయ శాఖ కింద. ముగ్గురూ ఒకే మొండిని చూడాలి, మూడు దస్త్రాలు మాత్రం ఎక్కడా కలవవు. ఈ వృత్తిని ఆరోగ్య శాఖ వైపు తేవాలా, ఉన్న మండలినే బలోపేతం చేయాలా అన్నది నిజంగానే చర్చించాల్సిన విషయం. ఆర్‌సీఐ వైపు వాదించేవాళ్ల మాటలోనూ పస ఉంది: వైకల్యాన్ని రోగంగా కాక హక్కుగా చూసే దృష్టి ఆసుపత్రుల్లో దొరకదని వాళ్ల భయం. ఆ భయం నిరాధారం కాదు. అయినా పుండు పడిన కాలుకు కావాల్సింది ముందు ఆసుపత్రే.

పరికరాల మీద అదుపు వేరే దారిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ఫ్యాక్టరీలో తయారయ్యే మోకాలి కీలుకూ పాదానికీ దాంతో ఒక ఆనవాలు, ఒక నాణ్యత లెక్క ఏర్పడే వీలుంది. సాకెట్ మాత్రం ఒక మనిషి మరో మనిషి కోసం చేత్తో చేసేది. దాని నాణ్యత చేసినవాడి పనితనంలోనే ఉంటుంది, ఏ బ్యాచ్ నంబరులోనూ దొరకదు.

వృత్తిని కట్టుదిట్టం చేయాలి అనగానే ఎదురయ్యే గట్టి ప్రశ్న జైపూర్ నుంచి వస్తుంది. 1960ల చివర్లో జైపూర్ కాలు రూపుదిద్దిన ఇద్దరిలో డాక్టర్ పి.కె.సేఠీ సర్జన్, రెండోవాడు రామచంద్ర శర్మ, అందరూ మాస్టర్జీ అని పిలిచే శిల్పి. పెద్దగా చదువుకోలేదు. బూటు లేకుండా ఒట్టికాలితో బురదలో నడవాలి, గొంతుక్కూర్చోవాలి, నేల మీద మఠం వేసుకోవాలి అన్న మన రైతు అవసరాన్ని దిగుమతి కాళ్లు పట్టించుకోలేదు. మాస్టర్జీ రబ్బరు పాదం పట్టించుకుంది. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. 1975లో డి.ఆర్.మెహతా మొదలుపెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి ఆ కాలును దేశమంతా, దేశం దాటి కూడా ఉచితంగా పంచింది. డిగ్రీ ఉన్నవాళ్లే కాలు ముట్టుకోవాలన్న నియమం అప్పట్లో ఉండుంటే ఆ పాదం పుట్టేదా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని నియమాలే వద్దనడమూ కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు ఈ రంగంలో నిపుణుడు, సహాయ నిపుణుడు, టెక్నీషియన్ అని వేర్వేరు అంచెలు గుర్తిస్తాయి. కొలతలు తీయడం, ఏ కాలు ఎవరికని నిర్ణయించడం, తొడిగి నడక చూడటం ఒక పని. అచ్చు పోయడం, పైపు లాగడం, నునుపు చేయడం మరో పని. రెండో పనిలో మాస్టర్జీలకు ఎప్పుడూ చోటుండాలి, వాళ్లకు గౌరవమైన గుర్తింపూ జీతమూ ఉండాలి. మొదటి పనికి మాత్రం పేరు, రిజిస్టరు నంబరు, సంతకం కావాల్సిందే.

తెలుగువాళ్లకు ఈ కాలు పరిచయమైంది తెరమీద. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్, జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టారు. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావు 1985లో 'మయూరి'గా తీస్తే, తన పాత్రలో తానే నటించి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక గుర్తింపు పొందారు. ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న ఊళ్లలో జైపూర్ కాలు ఒక ఆశగా నిలిచింది. అదే సుధాచంద్రన్ 2021 అక్టోబరులో, విమానాశ్రయంలో తనిఖీకి ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పమంటున్నారని వీడియో పెట్టారు. భద్రతా దళం విచారం వ్యక్తం చేసింది. కొన్ని వారాలకే, డిసెంబరులో, మరో కేసు సందర్భంగా సుప్రీంకోర్టు అలా విప్పించకూడదని చెప్పింది. పేరున్న మనిషి నోరు విప్పితే వ్యవస్థ ఎంత త్వరగా కదులుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పేరు లేనివాళ్ల తరఫున కదిలించేది సంఘాలే.

ఈ విషయంలో ఓరుగల్లు ప్రాంతానికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. హనుమకొండ వాడైన మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితి పుట్టింది. వామపక్షాల వైపు నుంచి వికలాంగుల హక్కుల జాతీయ వేదిక పనిచేస్తోంది. వాళ్ల ధర్నాల్లో ప్రధాన నినాదం పింఛను. ఆ నినాదం ఫలించింది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా కింద 1,500 రూపాయలతో మొదలైన వికలాంగుల పింఛను 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. పక్క రాష్ట్రంలో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు. తరువాతి డిమాండు సర్టిఫికెట్టు. సదరం శిబిరాల్లో వైకల్యం ఎంత శాతమో తేల్చుకోవడం, కనీసం 40 శాతం ఉంటేనే పింఛను, బస్సు పాసు. పల్లెల్లో ఇప్పుడు సదరం అనేది ఒక మామూలు మాట, ఎవరిని అడిగినా శాతం చెబుతారు.

పింఛను కోసం కొట్లాడటాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆకలికి ముందు అదే కావాలి. కానీ రెండు దశాబ్దాల ఉద్యమంలో కాలు నాణ్యత మీద, దాన్ని చేసేవాడి అర్హత మీద, మరమ్మతు మీద గట్టి డిమాండు వినబడలేదు. సదరం కాగితం ఎంత శాతం పోయిందో చెబుతుంది. ఏం పెడితే నడవగలడో చెప్పదు. ఆ రెండో గడి కాగితంలో ఉండాలని అడిగినవాళ్లు అరుదు.

వృత్తి సంఘాల వైపు నుంచి చూసినా అంతే ఖాళీ. దేశంలో ప్రోస్థెటిస్టులకు సొంత సంఘం ఉంది, సదస్సులు జరుగుతాయి. వాళ్ల డిమాండ్లు సహజంగానే ఉద్యోగాలు, జీతాల స్కేళ్లు, డాక్టర్ల ముందు గుర్తింపు. వాడుకునేవాళ్ల సంఘాలు పింఛను వైపు, చేసేవాళ్ల సంఘాలు స్కేళ్ల వైపు. రెండూ ఒక వేదిక మీద కలిస్తే ఏమవుతుందో అమెరికాలో 2015లో తేలింది. ఆ ఏడాది జులైలో మెడికేర్ బీమా కోసం పనిచేసే కంపెనీలు కృత్రిమ కాళ్ల మంజూరుకు కొత్త ముసాయిదా తెచ్చాయి. చేతికర్ర వాడేవాళ్లకు, నడక సహజంగా కనిపించనివాళ్లకు మంచి కాలు దక్కదేమోనన్న భయం లేచింది. కాళ్లు పోయినవాళ్లు, వాళ్లకు కాళ్లు చేసేవాళ్లు కలిసి రోడ్డెక్కారు. వైట్‌హౌస్ పిటిషన్ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. నవంబరుకల్లా ఆ ముసాయిదా పక్కకు పోయింది. కాళ్లు అమ్మే కంపెనీల లాభం కూడా అందులో కలిసి ఉందని మరిచిపోకూడదు. అయినా ఆ పొత్తు లేకపోతే పని జరిగేది కాదు.

మన దగ్గర ఉచితంగా కాళ్లు ఇచ్చే ప్రధాన పథకం 1981లో మొదలైన కేంద్ర పథకం ఏడిప్. సరుకు ఎక్కువగా కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో నుంచి వస్తుంది. 1972లో పెట్టిన ఈ సంస్థ 1976 నుంచి ఉత్పత్తి చేస్తోంది. జిల్లాకేంద్రంలో ముందు గుర్తింపు శిబిరం, తరువాత పంపిణీ శిబిరం, వేదిక, దండలు, ప్రజాప్రతినిధి. పథకం నిబంధనలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే అవి బాగున్నాయి. అమలుచేసే సంస్థ దగ్గర గుర్తింపు పొందిన కోర్సు చదివిన సిబ్బంది ఉండాలని, తొడిగిన తరువాతి సంరక్షణ కూడా చూడాలని ఉంది. ఒకసారి పరికరం తీసుకున్నవాళ్లు మళ్లీ అదే పరికరానికి మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఏడాది చాలు. మొదటి ఆరునెలల్లోనే మొండి చిక్కిపోతుందన్న సంగతి ఈ మూడేళ్ల గడువు పక్కన పెట్టి చూస్తే, మధ్యలో మరమ్మతు కేంద్రం లేనిచోట కాలు అటక ఎక్కుతుందని అర్థం చేసుకోవడానికి సర్వే అవసరం లేదు.

ఉచితంగా తీసుకున్నవాడికి మరో దెబ్బ ఉంది. డబ్బు పెట్టి ప్రైవేటు కేంద్రంలో కాలు చేయించుకున్నవాడు అది సరిగా లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వైద్యసేవ కూడా సేవేనని 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో తేల్చింది. అదే తీర్పు, అందరికీ పూర్తిగా ఉచితంగా ఇచ్చే సేవను ఆ చట్టం బయట ఉంచింది. దాంతో శిబిరంలో కాలు తీసుకున్న పేదవాడికి ఆ తలుపు మూసుకుంది. మిగిలింది 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉండే రాష్ట్ర కమిషనర్. ఆయనకు సాక్షులను పిలిపించే, దస్తావేజులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి, ఒక కాగితం రాసి పంపితే చాలు. పింఛను ఆగిందని ఫిర్యాదు చేయాలని అందరికీ తెలుసు; సాకెట్ సరిపోలేదని కూడా ఫిర్యాదు చేయవచ్చని చెప్పేవాళ్లు లేరు.

కోర్టులు కొంత దారి చూపాయి. రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడికి పరిహారం లెక్కగట్టేటప్పుడు ఒక్క కృత్రిమ కాలు ధర వేసి ఊరుకోకూడదని, అది కొన్నేళ్లకోసారి మార్చాలని, మధ్యలో మరమ్మతులుంటాయని, అదంతా కలపాలని 2022 డిసెంబరులో మహమ్మద్ సబీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు ప్రమాదాల కేసులు చూసే మహబూబాబాద్, ఖమ్మం వకీళ్లకు ఇది పనికొచ్చే తీర్పు. పన్ను విషయంలోనూ కాస్త ఊరట వచ్చింది. 2022 జులై 18 నుంచి కృత్రిమ అవయవాల మీద, ఎముకల ఆధార పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది.

హైదరాబాదు ఈ కథలో రెండుసార్లు కనిపిస్తుంది, రెండుసార్లూ క్షిపణుల వైపు నుంచే. అబ్దుల్ కలాం ఇక్కడి క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో ఉన్నరోజుల్లో నిమ్స్ ఆసుపత్రి నుంచి ఒక ఎముకల వైద్యుడు అక్కడికి వచ్చి, అగ్ని క్షిపణికి వాడిన మిశ్రమ పదార్థం తేలికదనం చూసి, ఆయన్ని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లోనే మూడు వందల గ్రాముల క్యాలిపరు తయారైంది. కలాం ఈ కథ ఎన్నో సభల్లో చెప్పారు. రెండోది 2025 జులైలో. అదే డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి కార్బన్ ఫైబర్ పాదం విడుదల చేశాయి. 125 కిలోల బరువు దాకా పరీక్షించారు. దిగుమతి పాదం సుమారు రెండు లక్షలుంటే ఇది ఇరవై వేల లోపు రావచ్చని అంచనా. మహబూబాబాద్‌లో ఎక్కినవాళ్ల రైలు సికింద్రాబాద్ చేరేముందు బీబీనగర్ మీదుగానే పోతుంది.

పాదం చవకైతే సగం సమస్య తీరినట్టే అనుకుంటే పొరపాటు. ఎంత మంచి కార్బన్ పాదమైనా సాకెట్ కింద బిగించాల్సిందే, సాకెట్ మళ్లీ చేతి పనే. ఆ చేయి ఎక్కడ తయారవుతోంది? ఈ చదువుకు పేరున్న పాత సంస్థలు ముంబై హాజీ అలీలో, ఒడిశా ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, చెన్నైలో ఉన్నాయి. తెలుగు పిల్లలు అక్కడికెళ్లి చదివి, తిరిగొచ్చాక హైదరాబాదులో ప్రైవేటు కేంద్రాల్లో చేరతారు, లేదా గల్ఫ్ దారి పడతారు. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి లాంటివి కొందరిని నిలబెట్టుకున్నాయి. తెలంగాణ ఏజెన్సీ మండలాలకు అలాంటి ఆనుకునే గోడ లేదు. కేంద్రం నడిపే జిల్లా వికలాంగుల పునరావాస కేంద్రాల నమూనాలో ప్రోస్థెటిస్టు పోస్టు, టెక్నీషియన్ పోస్టు రాసి ఉన్నాయి. ఇచ్చే గౌరవ వేతనం చూస్తే నాలుగున్నరేళ్లు చదివినవాడు జిల్లాకు ఎందుకు రాడో తెలుస్తుంది.

మహబూబాబాద్‌లో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కళాశాలకు ఆసుపత్రి ఉంటుంది, ఆసుపత్రికి ఎముకల విభాగం ఉంటుంది, కాళ్లు తీసే ఆపరేషన్లు జరుగుతాయి. ఆ పక్కనే ఒక ప్లాస్టరు గది, ఒక ఓవెన్, రిజిస్టరులో పేరున్న ఒక నిపుణుడు, ఇద్దరు టెక్నీషియన్లు ఉంటే బయ్యారం, గార్ల, కొత్తగూడ, గంగారం మండలాల వాళ్లకు మరమ్మతు ఒక పూట ప్రయాణంలోకి వస్తుంది. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కానీ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో వెలువరించిన నిబంధనల్లో, కొత్త వైద్య కళాశాలల్లో తప్పనిసరిగా ఉండాల్సిన విభాగాల జాబితా నుంచి ఫిజికల్ మెడిసిన్, పునరావాస విభాగం తప్పుకుంది. కృత్రిమ అవయవాల గదికి ఆసుపత్రిలో సహజంగా తావిచ్చేది ఆ విభాగమే. దాని వైద్యులు అభ్యంతరం తెలిపారు. వికలాంగుల సంఘాలకు ఇది కనీసం పింఛనంత ముఖ్యమైన విషయం, ఎందుకంటే ఆ విభాగం పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పడింది. హైదరాబాదులో ఇచ్చే వినతిపత్రంలో పింఛను పంక్తి కింద ఈ ఒక్క పంక్తి చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.